పూమాల, పామాల : దాక్షిణాత్యాంధ్ర వాఙ్మయమున స్త్రీల వృత్తిగౌరవము

రాజపాళయము చెంతనున్న తళవాయిపురము పేరులోనే యొక యుద్యోగము కలదు. దళవాయి యనగా సేనాపతి. కన్నడాంధ్ర రాజ్యములలో వాడుకయందుండిన యీ మాట నాయకరాజులతో దక్షిణమునకు వచ్చి, తకార దకారములకు ఒక్కటే యక్షరముగల తమిళమున తళవాయిగా స్థిరపడినది. ఆ పేరుతో దక్షిణ తమిళనాట ఒకటికంటె నెక్కువ యూళ్లు కలవు. మధుర నాయకుల పరిపాలనమున దళవాయి సేనలను నడపుటయే గాక మంత్రాంగమును గూడ నెఱపెడివాడు. అరియనాథ మొదలియారు, రామప్పయ్య, నరసప్పయ్య మున్నగువారు ఆ పదవికి వన్నె తెచ్చినవారు. వీరందఱును పురుషులు. అయినను వీరిలో నరసప్పయ్య యెవరి యాజ్ఞకు లోబడి తిరువాన్కూరు మీదికిని తంజావూరు మీదికిని సేనలను నడపెనో తలచుకొన్నచో విషయము కొంత మాఱును. ఆయన కొలిచినది రాణీ మంగమ్మను.

స్త్రీలు పురుషుల వృత్తులలో ప్రవేశించుట యాధునిక విద్యాఫలమనియు, ఇంగ్లీషు చదువులు రాకముందు వారికి గృహకృత్యము తప్ప వేఱు వ్యాసంగము లేదనియు సాధారణముగా చెప్పుదురు. తంజావూరు, మధుర సంస్థానముల వాఙ్మయమును చదివినవారు ఈ మాటను అట్లే యంగీకరింపజాలరు. అచ్చట స్త్రీలు ఆస్థానకవులుగా నుండిరి, యుద్ధచరిత్రలు వ్రాసిరి, ఒక భాషనుండి మఱియొక భాషకు మహాకావ్యములను పరివర్తించిరి, రాజ్యము నేలిరి. ప్రవేశము కొందఱికైనను లభించినది. లభింపనిది లెక్క. స్త్రీ చేసిన పనిని పనిగా గణింపక, దానిని ప్రేమ యనియో, పతిభక్తి యనియో, ప్రాయశ్చిత్త మనియో, సిగ్గుమాలినతన మనియో వ్యాఖ్యానించుట మన సాహిత్యచరిత్రకు అలవాటైనది. పురుషుడు కావ్యము రచించినచో విమర్శకుడు ఛందస్సును చూచును. స్త్రీ రచించినచో ఆమె నడవడిని విచారించును. ఈ యలవాటు ఎచ్చట నెట్లు పనిచేసినదో కొన్ని కృతుల మూలమున పరిశీలింపవచ్చును.

ఇందుకు మొదటి సాక్ష్యము తళవాయిపురమునకు దూరమున లేదు. రాజపాళయమునకు పది పండ్రెండు కిలోమీటర్ల దూరముననే శ్రీవిల్లిపుత్తూరు కలదు. అది పన్నిద్దఱాళ్వారులలో ఏకైక స్త్రీయగు ఆండాళ్ పుట్టిన యూరు. ఆమె తిరుప్పావై ముప్పది పాశురములు; నాచ్చియార్ తిరుమొళి నూట నలువదిమూడు. రెండును నాలాయిర దివ్యప్రబంధమున చేరినవి. ప్రతి రచనము చివరను ఆమె తన పేరును, తండ్రి పేరును, ఊరి పేరును చెప్పి, ఆ పాటలను చదివినవారికి కలుగు ఫలమును గూడ చెప్పినది. తిరుప్పావై కడపటి పాశురమున తన ముప్పది పాటలను సంఘకాలపు తమిళమునకు చేరిన మాలగా తానే పేర్కొన్నది. ఇది కృతికర్త్రి తన కృతిపై వేసిన ముద్ర. దీని ననుసరించియే తమిళ వైష్ణవ సంప్రదాయము ఆమె యిచ్చిన మాలలు రెండని చెప్పును: ఒకటి తాను ముడిచి విడిచిన పూమాల, రెండవది పామాల. పా యనగా తమిళమున పాట, పద్యము.

శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యమునకు ఆముక్తమాల్యద యని పేరుపెట్టినపుడు ఈ రెంటిలో పూమాలనే గ్రహించెను. ఆ కావ్యమునకు రెండవ పేరు విష్ణుచిత్తీయము. అది తండ్రి పేరు. ఒక పేరున తండ్రియు, ఒక పేరున పువ్వులును మిగిలినవి. పాట కావ్యనామమునకు ఎక్కలేదు. పేరు మాత్రమే యైనచో దీనిని గుఱించి ఇంత చెప్పనక్కఱలేదు. కావ్యములోని పురుషపాత్రలను చూడుడు. విష్ణుచిత్తుడు పాండ్యరాజసభలో వాదించి గెలుచును. యామునాచార్యుడు వాదమున జయించి రాజ్యమును పొంది, పిదప కుమారునకు రాజనీతిని విస్తరించి బోధించును. ఆ భాగము నేటికిని రాజ్యతంత్రమును గుఱించి వ్రాయువారికి ఆకరము. ఇరువురికిని పని కలదు. ఆ పనిలో పరీక్ష కలదు. పరీక్షలో జయము కలదు. గోదకు ఉన్నది విరహము, పిదప వివాహము. రాయల వర్ణనాశక్తి యామె యెడ తక్కువైనదని యెవరును చెప్పజాలరు. తెలుగున విరహవర్ణనమునకు అంతకు మించిన స్థలములు అరుదు. అయినను ఆమె కవి యను విషయము ఆ వర్ణనసంపదలో మఱుగుపడినది.

దీనికి రాయలు పాట విలువ నెఱుగకపోవుట కారణము కాదు. ఎఱుగుననుటకు మాలదాసరి కథయే నిదర్శనము. కురుంగుడి స్వామిని పాటతో కొలుచు అంత్యజుడొకడు బ్రహ్మరాక్షసుని చేత చిక్కి, కొలువు ముగించి మరలివత్తునని మాట యిచ్చి, ఆ మాట ప్రకారము వచ్చి, తుదకు తాను పాడిన పాట ఫలమును ధారపోసి ఆ రాక్షసునికే విముక్తి కలిగించును. పాటకు గల శక్తిని ఇంత గొప్పగా చెప్పిన కథ మఱియొకటి తెలుగు ప్రబంధములలో లేదు. ఈ కథను వరాహమూర్తి చెప్పినది భూదేవికి. ఆ భూదేవియే గోద. అనగా, కావ్యమున పాట ఘనతను విన్నది గోద. పాడి గెలిచినది దాసరి. కులమున కడపటివాడైన పురుషునకు రాయలిచ్చిన గాయకపదవి, పాశురములు స్వయముగా రచించిన స్త్రీకి ఆ కావ్యమున దక్కలేదు. ఇది విమర్శకులు నిలిచి చూడవలసిన చోటు. ఆముక్తమాల్యదను గుఱించిన వ్యాసములలో దాసరి కథలోని సామాజికౌదార్యమును మెచ్చుకొనుట పరిపాటి. ఆ మెప్పు సమంజసమే. దాని ప్రక్కనే యున్న ఈ లోపమును ఎత్తిచూపుట మాత్రము పరిపాటి కాలేదు.

కవి మఱచినను జనులు మఱవలేదు. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా నేటికిని తిరుప్పావై వినిపింతురు. ఆంధ్రదేశమున తమిళము తెలియని వైష్ణవగృహములందు సైతము ఆ ముప్పది పాశురములు వాడుకలో నున్నవి.

ఇక సేనాపతుల పనికి వత్తము. యుద్ధము చేయుట పురుషుల వృత్తి యైనట్లే యుద్ధమును వర్ణించుటయు పురుషకవుల సొత్తని యలంకారికులు చెప్పకున్నను, ఆచారమున నట్లే జరిగినది. దక్షిణమున ఈ యాచారమును తప్పించినవారిలో మొదట పేర్కొనదగినది గంగాదేవి. ఆమె విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు కంపరాయని దేవి. పదునాలుగవ శతాబ్దమున కంపరాయలు కాంచీమండలమును సాధించి, పిదప మధుర సుల్తానును జయించిన వృత్తాంతమును ఆమె మధురావిజయమను సంస్కృత కావ్యముగా రచించినది. శిథిలమైన తాళపత్రప్రతి తిరువనంతపురమున దొరకగా 1916లో అచ్చయినది. ఆ గ్రంథారంభమున ఆమె సంస్కృత కవులతో పాటు మన తిక్కనను గూడ స్తుతించినది. సంస్కృతకావ్యమున తెలుగు కవికి ఇట్టి గౌరవము లభించుట యరుదు. ఆ గౌరవ మిచ్చినది ఒక స్త్రీ. కావ్యమధ్యమున ఒక స్త్రీమూర్తి కంపరాయని యెదుట నిలిచి, పాడువడిన మధుర స్థితిని చెప్పి, ఖడ్గమును చేతికిచ్చి దండయాత్రకు ప్రేరేపించును. ఆ ఘట్టమున కర్తవ్యమును నిర్ణయించినది ఆ స్త్రీవాక్యమే. గంగాదేవిని భర్త విజయమునకు మురిసిన పతివ్రతగా మాత్రమే పరిచయము చేయువారు ఈ ఘట్టములోని రాజనీతిని విడిచిపెట్టుచున్నారు.

తంజావూరి రామభద్రాంబ విషయము ఇంకను స్పష్టమైనది. రఘునాథనాయకుని కాలమున, అనగా పదునేడవ శతాబ్ది తొలిభాగమున, ఆమె పండ్రెండు సర్గల రఘునాథాభ్యుదయమును సంస్కృతమున రచించినది. విజయనగర సింహాసనమునకై జగ్గరాజు మొదలగువారు చేసిన కలహము, తోపూరు యుద్ధము, కావేరీ ముఖమున నుండిన సోలగుని యణచుట, యాళ్పాణముపై దండయాత్ర ఇందు వర్ణితములు. ఇదే వస్తువును గోవిందదీక్షితుల కుమారుడు యజ్ఞనారాయణ దీక్షితుడు సాహిత్యరత్నాకరమున వర్ణించెను. విజయనగర చరిత్రకు మూలములను సంకలనము చేసిన సాక్కొట్టై కృష్ణస్వామి అయ్యంగారు 1919లో ఈ రెండు కావ్యములనుండియు భాగముల నుద్ధరించిరి. రఘునాథాభ్యుదయమును 1934లో తి. రా. చింతామణిగారు పరిష్కరించి మద్రాసు విశ్వవిద్యాలయము పక్షమున ప్రకటించిరి. చరిత్రకారులు ఆమెను సాక్షిగా నంగీకరించినారు. సాహిత్యచరిత్రకారులు ఆమె రఘునాథుని భార్యయా, భోగస్త్రీయా యను చర్చకు పుటలు వెచ్చించినారు. యజ్ఞనారాయణుడు రాజునకు ఏమి కావలెనను ప్రశ్న ఆయన కావ్యమును విమర్శించునపుడు పుట్టదు.

రఘునాథుని సభలో స్త్రీలకు పెట్టిన పరీక్షలను ఆ కాలపు కృతులే చెప్పుచున్నవి. చిత్ర, బంధ, గర్భ, ఆశుకవిత్వములు నాలుగింటను నేర్పు, శతలేఖిని, అష్టావధానము, ఎనిమిది భాషలలో రచనము, వీణావాదనము. ఇవి పురుషపండితులకు పెట్టిన పరీక్షలే, ఒక్కటియు తగ్గింపబడలేదు. రఘునాథుని తెలుగు రామాయణమును సంస్కృతీకరించిన మధురవాణి అర్ధఘటికలో నూఱు శ్లోకములు చెప్పగలదని ప్రసిద్ధి. అర్ధఘటిక యనగా పండ్రెండు నిమిషములు. అతిశయోక్తి యనుకొన్నను, ఆ యతిశయోక్తి యే వృత్తిలో చెలామణి యగునో గమనింపవలెను: అది అవధానుల గొప్ప, ఆస్థానకవుల గొప్ప. సౌందర్యమునకు చేసిన యతిశయోక్తి కాదు. విజయరాఘవుని కాలమున పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును ప్రబంధముగా నొకమారును, యక్షగానముగా మఱియొకమారును రచించినది, ఉషాపరిణయము వేఱొకటి. ఒకే కథను చదువుటకును ఆడుటకును వేఱువేఱుగా మలచుటకు రంగస్థలజ్ఞానము కావలెను. పాత్రోచితముగా మాటను మార్చుట, దరువు ఎచ్చట నిలుపవలెనో తెలియుట, కథను వినువారికి విసుగు పుట్టకుండ కుదించుట యక్షగానకర్త పనులు. ఆమెకు కనకాభిషేకము జరిగినది. శ్రీనాథునికి జరిగిన కనకాభిషేకమును పాఠశాలల బాలురును చెప్పుదురు. రంగాజమ్మకు జరిగినదానిని పండితులు గుర్తుచేయవలసి వచ్చుచున్నది.

ఈ వైభవమునకు హద్దు లేకపోలేదు. ఆస్థానమున ఈ విద్యలు నేర్చుటకు వీలుండినది అధికముగా గణికాకుటుంబముల స్త్రీలకు, లేదా రాజాంతఃపురమున చేరినవారికి. గృహిణికి ఆ త్రోవ లేదు. విద్యకు మూల్యము వివాహజీవనము. వివాహమునకు మూల్యము విద్య. వెల యిట్లు కట్టిన సంఘమే, వెల చెల్లించి విద్య నేర్చిన స్త్రీని పిదప నిందించినది. గృహస్థకుటుంబములలోని స్త్రీ కవిత్వము చెప్పినపుడు ఎట్టి జాగ్రత్త పడవలసి వచ్చెనో ఆతుకూరి మొల్ల పీఠిక చూపును. ఛందోవ్యాకరణాదులు తనకు తెలియవని, శ్రీకంఠమల్లేశ్వరుని వరమున కవిత్వము చెప్పితినని ఆమె విన్నవించుకొన్నది. రామాయణమును చదివినవారికి ఆ విన్నపమెంత నమ్మదగినదో తెలియును. వినయమును పురుషకవులును నటింతురు. తిక్కన, పోతనలలోను అది కలదు. అయినను శాస్త్రమే రాదని చెప్పుకొనుట యొక స్త్రీకి రక్షణగా పనిచేసినట్లు పురుషునకు పనిచేయవలసిన యవసరము లేదు.

మధురకు మరలివచ్చినచో, కవిత్వమును విడిచి రాజ్యాధికారమున ఇదే మార్గము కనబడును. చొక్కనాథనాయకుని రాణియగు మంగమ్మ, కుమారుడు మరణింపగా, శిశువగు మనుమని పక్షమున 1689 మొదలు 1706 వఱకు మధుర రాజ్యమును పాలించినది. ఢిల్లీ పాదుషా సేనానులు కర్ణాటకమున తిరుగుచున్న కాలమది. కప్పము చెల్లించి వారిని దూరముగా నుంచి, ఇరుగుపొరుగు రాజ్యముల విషయమున దళవాయిని నడపి, బాటలు వేయించి, వానికిరువంకల చెట్లు నాటించి, సత్రములు కట్టించినది. దక్షిణ తమిళనాట నేటికిని ఆమె పేరుతో బాటలు కలవు. మధురలో ఆమె సత్రము కలదు. ఇంత పని యొక పురుషుడు చేసియుండినచో పరిపాలనాదక్షత యని యొక్కమాటలో ముగిసెడిది. జనశ్రుతి దీనికి వేఱు కారణము వెదకినది. ఆమె యొకనాడు పరాకున ఎడమచేతితో తాంబూలము వేసుకొన్నదట. ఆ దోషము పోగొట్టుకొనుటకు బాటలు, సత్రములు కట్టించినదట. పదునేడేండ్ల రాజ్యవ్యవహారము ఒక తమలపాకునకు ప్రాయశ్చిత్తమైనది. బాట వేయుటకు కారణము వర్తకము, సైన్యము, యాత్రికులు. ఇవి ప్రతి రాజునకు తెలిసిన కారణములు. రాణికి మాత్రము కారణము దోషపరిహారము. కథ కట్టినవారికి దురుద్దేశము ఉండనక్కఱలేదు. స్త్రీ యింత పని తలపెట్టుటకు ఏదియో యాంతరంగిక కారణముండవలెనను తలంపు వారి మాటలో తానై చేరినది.

ఇందొక విశేషము కలదు. మంగమ్మ మనుమడగు విజయరంగచొక్కనాథుడు స్వయముగా తెలుగు వచనగ్రంథములు వ్రాసినవాడు. ఆయన కాలమున మధురలో తెలుగు వాఙ్మయము వికసించినది. సముఖము వేంకటకృష్ణప్పనాయకుని అహల్యాసంక్రందనము, శేషము వేంకటపతి తారాశశాంకవిజయము ఆ కాలమునకు చెందినవి. అహల్య, తార నాయికలైనారు. ఆ కవుల కన్నులయెదుట రాజ్యమేలిన స్త్రీ యే ప్రసిద్ధ ప్రబంధమునకును నాయిక కాలేదు. వృత్తిగల స్త్రీని వర్ణించు మార్గము ప్రబంధకవులకు తెలియదు. నఖశిఖ వర్ణనమునకు కప్పములెక్క అడ్డువచ్చును.

ఇంతవఱకు చెప్పినది ఇతరులు స్త్రీ పనిని ఎట్లు చెప్పిరో యను విషయము. తన పనిని తానే చెప్పుకొన్న స్త్రీకి ఏమి జరిగెనో ముద్దుపళని చరిత్ర చూపును. మరాఠా రాజగు ప్రతాపసింహుని కాలమున (1739-1763) తంజావూరు సభలో నుండిన ఈమె రాధికాసాంత్వనమును రచించినది. ఆండాళ్ తిరుప్పావైను ఈమె తెలిగించెనని చెప్పుదురు. అట్లయినచో శ్రీవిల్లిపుత్తూరి పామాలను తెలుగు చేయుటకు పూనుకొన్నది రాయలు కాక ఒక యాస్థానగణిక యగును. రాధికాసాంత్వనమున నాలుగాశ్వాసములు, 584 గద్యపద్యములు కలవు. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి, ఆ వధువునకు వరునకు బుద్ధులు చెప్పి, పిదప తానే యీర్ష్యతో వేగి, తుదకు కృష్ణునిచే అనునయింపబడుట కథ. సాధారణముగా శృంగారప్రబంధమున నాయిక యనుభవమునకు గుఱియైనది. కోరుట పురుషుని వంతు. ఈ కావ్యమున వయసు ముదిరిన రాధ కోరును, కోపించును, తన కోరికకు తానే న్యాయము చెప్పుకొనును. ఇళకు ఆమె చేయు బోధ గృహస్థులు కూతురికి చెప్పు బుద్ధుల వంటిది కాదు. విద్య తెలిసినది విద్యార్థినికి చెప్పు పాఠము. కావ్యమున లోపములు లేకపోలేదు. వర్ణన కొన్ని యెడల పునరుక్తమగును; కథ సన్నగిలును. ఇవి దక్షిణాంధ్రయుగపు ప్రబంధములన్నిటికిని గల లోపములు.

కావ్యము కంటె ముఖ్యమైనది దాని పీఠిక. తెలుగు ప్రబంధపీఠిక కవికి యోగ్యతాపత్రము వంటిది. వంశము, గురువులు, పూర్వకృతులు, పొందిన సన్మానములు అందుండును. ఆశ్వాసాంతగద్యలో అవే మరల ముద్రలవలె పడును. ముద్దుపళని తన వంశమును స్త్రీల మూలమున చెప్పుకొన్నది. అమ్మమ్మలు నాయనమ్మలు పండితురాండ్రైన కుటుంబమది. తనకు ఇతరులు కావ్యములు అంకితమిచ్చిరని, తాను పండితులను ధనముతో సత్కరించితినని, ఇట్టి గౌరవము తనవంటి స్త్రీలలో మఱెవరికి కలిగెనని సగర్వముగా ప్రశ్నించినది. మొల్ల తనకు రాదని చెప్పుకొన్న చోట ముద్దుపళని తనకు వచ్చునని చెప్పుకొన్నది. కృతిని రాజునకు గాక కృష్ణునికి సమర్పించినది. ఆస్థానములో నుండి జీతము తీసికొనుచు కృతిని రాజున కీయకుండుట స్వాతంత్ర్యలక్షణము. పోతన యెడల మనము దానిని కొనియాడుదుము.

1887లో ఈ కావ్యమును పైడిపాటి వెంకటనరసు వ్యాఖ్యతో అచ్చువేయించినపుడు ఈ పీఠిక విడువబడినది. కొన్ని పద్యములును పోయినవి. శృంగారము మిక్కిలియైన పద్యములను విడుచుటకు ఆ కాలమున ఏదో యొక కారణము చెప్పవచ్చును. పీఠికలో శృంగారము లేదు. అందున్నది కవి యోగ్యత. శృంగారకావ్యము మిగిలి, దానిని వ్రాసిన పండితురాలి పరిచయము పోయినది. ఆ ప్రతిని చదివినవానికి కావ్యము కనబడును, వృత్తి కనబడదు. వీరేశలింగముగారు ఆంధ్రకవుల చరిత్రమున ఈమెను గుఱించి వ్రాసినపుడు ఆమె కులమును నడవడిని నిందించి, ఇట్టి వర్ణనములు స్త్రీ వినదగినవే కావనియు, స్త్రీనోట రాదగినవి అసలే కావనియు తీర్పు చెప్పిరి. స్త్రీవిద్యకును వితంతు వివాహములకును జీవితమును ధారపోసిన మహనీయుడు ఆ మాట యనుట చిత్రము. ఆయన కోరిన విద్యావతియగు స్త్రీకి గృహిణి రూపము మాత్రమే యుండెను. తంజావూరి సభలో ఇదివఱకే యుండిన విద్యావతి ఆ రూపమునకు సరిపడలేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) ఈ యన్యాయమును మొదట గుర్తించినది. గాయనిగా మద్రాసున పేరుగన్న ఆమె తెలుగు, కన్నడ, సంస్కృతములు చదివినది. అచ్చుప్రతిలో తప్పులను చూచి, వ్రాతప్రతిని సంపాదించి, పోల్చి, పోయిన భాగములను తిరిగి చేర్చి, 1910లో వావిళ్లవారి మూలమున కావ్యమును సమగ్రముగా ప్రకటించినది. పీఠిక మరల వెలుగు చూచినది. ప్రతులను సంపాదించి పోల్చి పాఠమును నిర్ణయించుట పరిష్కర్త పని. ఆ కాలమున ఆ పని పండితులదే. దానిని చేయుటలో నాగరత్నమ్మ ఇంకొక వృత్తి గడప దాటినది. వీరేశలింగముగారికి ఆమె చెప్పిన సమాధానము తర్కశుద్ధమైనది: సిగ్గు స్త్రీలకు మాత్రమే సహజమా, పురుషులకు అక్కఱలేదా? ఇంతకంటె పచ్చియైన వర్ణనములుగల వైజయంతీవిలాసమును ఆయనయే యంగీకరింపలేదా? వాదమున ఆమె మెట్టు దిగలేదు. కోపమును పాఠమునకు అడ్డు రానీయలేదు.

ఫలితము తెలిసినదే. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును అశ్లీలమని నిషేధించి ప్రతులను నాశము చేయింపబూనినది. పండితులు పంపిన విజ్ఞప్తులు ఫలింపలేదు. టంగుటూరి ప్రకాశముగారి మూలమున 1947లో నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు మరల అచ్చువేసిరి. ఆ సంవత్సరముననే నాగరత్నమ్మ గతించినది. నిషేధము తొలగిన 1947లోనే మద్రాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిలుపు శాసనమును చేసినది. ఆ యాచారము పోవలసినదే. బాలికలను నోరెత్తనీయక సమర్పించు పద్ధతిని ఎవరును సమర్థింపజాలరు. అయినను ఆ శాసనముతో పాటు సంగీతమునకును సాహిత్యమునకును తరతరములుగా స్త్రీలే గురువులైన పరంపర యేమగునో విచారించినవారు తక్కువ. పుస్తకము విడుదలైన యేటనే దానిని వ్రాయగల స్త్రీలను తయారుచేసిన యిల్లు మూతపడినది. గృహిణులకు ఆ విద్యనందించు కళాశాలలు అప్పటికి అంతంతమాత్రము.

నాగరత్నమ్మకు మిగిలిన కీర్తి తిరువయ్యాటి త్యాగరాజసమాధి నిర్మాణము వలన వచ్చినది. ఆమె తన యార్జనతో సమాధికి మందిరమును కట్టించినది. ఆరాధనోత్సవమున స్త్రీలు పాడుటకు వీలులేదని పురుషులు నిరోధింపగా స్త్రీలచే వేఱుగా ఉత్సవము చేయించినది. తుదకు అందఱును కలసి పాడు రోజు వచ్చినది. నేడామె విగ్రహము ఆ సమాధికి ఎదురుగా చేతులు జోడించియున్నది. ఆ విగ్రహమును చూచినవారు భక్తురాలిని తలచుకొందురు. 1910 నాటి పరిష్కర్తను తలచుకొనుటకు ఆ చేతులలో పుస్తకము లేదు.

భాషలో సైతము ఈ చిక్కు కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణము ప్రకారము స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థములు కాక మిగిలినవి మహద్వాచకములు. ఏకవచనమున స్త్రీకిని చెట్టునకును క్రియ యొకటే: ఆమె వచ్చినది, బండి వచ్చినది. బహువచనమున మాత్రము స్త్రీలు పురుషులతో చేరి ‘వచ్చినారు’ అగుదురు. తమిళమున అట్లు కాదు. అక్కడ అవళ్ వేఱు, అదు వేఱు. రాజపాళయ ప్రాంతమున ఇంట తెలుగును వీథిని తమిళమును మాటలాడు కుటుంబములు ఈ భేదమును ప్రతిదినము దాటుచునే యున్నవి. వ్యాకరణము సంఘనీతికి కారణమని చెప్పుట తొందరపాటు. తమిళదేశమున స్త్రీలకు అధికముగా ఏ పదవియు ఆ కారణమున దక్కలేదు. అయినను ఒంటిగా నున్న స్త్రీకి తెలుగు వ్యాకరణమున పేరుకు తగిన లింగము లేకపోవుటయు, గుంపులో మాత్రమే ఆమెకు మహత్త్వము వచ్చుటయు తొలి వృత్తినిపుణురాండ్ర కథలకు చక్కగా సరిపోవును.

అట్టి తొలివారిలో అయ్యలసోమయాజుల లలిత (1919-1979) ఒకతె. మద్రాసున పుట్టిన తెలుగు వనిత. పదునెనిమిదేండ్లకే వైధవ్యము వచ్చి, చంటిబిడ్డతో తండ్రి యింటికి చేరి, తండ్రి ఆచార్యుడుగా నుండిన గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమును చదివి 1943లో ఉత్తీర్ణురాలైనది. పిదప కలకత్తాలో ఒక విద్యుత్పరికరముల సంస్థలో పనిచేయుచు భాక్రానంగల్ ఆనకట్టకు చెందిన విద్యుత్ప్రసారపు పనులలో పాల్గొన్నది. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభకు వెళ్లినది. ఆ కళాశాల పట్టాలో ‘అతడు’ అను నర్థముగల ఇంగ్లీషు పదమే ముందుగా అచ్చై యుండెడిది. ఆమెకును, ఆమెతో చదివిన ఇరువురు స్త్రీలకును ఇచ్చునపుడు ఆ పదమును కొట్టివేసి ప్రక్కన ‘ఆమె’ యని చేతితో దిద్దిరని చెప్పుదురు. వెంకటనరసు ప్రతిలో పీఠిక పోయినది; ఈ పట్టాలో దిద్దుబాటు మిగిలినది.

రాజపాళయ పరిసరముల తెలుగిండ్లలో నేడు తెలుగు మాటలాడువారిలో పెక్కురకు తెలుగు లిపి రాదు. ముద్దుపళని పీఠికయు, రంగాజమ్మ యక్షగానమును తమిళలిపిలో, కఠినపదములకు అర్థములతో అచ్చైనచో వినిపించి చదువుటకు ఆ యిండ్లలో స్త్రీలున్నారు. మన్నారుదాసవిలాస యక్షగానము ఆడుటకై వ్రాసినది. లిపి రానివారికి సైతము అది చెవి మూలమున చేరగలదు. మొదట అచ్చువేయదగినది అదియే.